34 ఏళ్ల వయసులో ఫిజియోథెరపీ చదవాలంటే: పర్లాకిమిడి నుంచి దారి ఏది?

తనయ తీరం

నమస్కారం. వయసు 34, ఉండేది ఒడిశా వైపున్న పర్లాకిమిడి. ఇంటర్ ఎంపీసీ పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో, తెలుగు మీడియంలో 2009లో పూర్తయింది. తర్వాత బీకాం. ఇప్పుడు ఒక ఫైనాన్సు సంస్థలో వసూళ్ల పని. ఫిజియోథెరపీ చదివి ఆ పనిలోకి మారాలని గట్టిగా ఉంది. ఈ చుట్టుపక్కల పక్షవాతం వచ్చినవాళ్లు, కాలు విరిగి ప్లేటు వేయించుకున్నవాళ్లు వ్యాయామం కోసం బరంపురమో శ్రీకాకుళమో తిరగలేక మధ్యలోనే మానేస్తున్నారు. ఇక్కడే ఉండి చేసే మనిషి కావాలి.

అడగాల్సినవి ఇవి. ఇంటర్‌లో బయాలజీ లేదు, ఏం చెయ్యాలి? సీటుకి ఒడిశా వైపు చూడాలా, ఆంధ్రా వైపు చూడాలా? ఆదివారం క్లాసులతో ఏడాదిలో ఫిజియోథెరపీ డిప్లొమా ఇస్తామని ఒక సంస్థ వాళ్లు అంటున్నారు, అది పనికొస్తుందా? ఇన్నేళ్ల తర్వాత ఆ చదువు తలకెక్కుతుందా? తర్వాత పర్లాకిమిడిలో చిన్న క్లినిక్ పెట్టుకోవాలంటే ఏమేం ఉండాలి?

బరంపురం పీటీ

ముందు ఆ డిప్లొమా సంగతి తేల్చేద్దాం. దానికి రూపాయి కట్టకండి. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ప్రకారం ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుడు అనిపించుకోవాలంటే డిగ్రీ ఉండాలి. ఆ డిగ్రీ కనీసం 3,600 గంటల చదువుతో, మూడు నుంచి ఆరేళ్ల వ్యవధిలో చేసినదై ఉండాలి. ఆదివారాలు లెక్కేసుకోండి, ఎక్కడికి చేరతాయో మీకే తెలుస్తుంది. ఆ కాగితంతో ఎవరి దగ్గరో సహాయకుడిగా కుదురుకోవచ్చేమో గానీ, మీ పేరుతో రోగిని పరీక్షించి చికిత్స రాసే హక్కు రాదు. దూరవిద్యలో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) అన్నా అంతే. శవం మీద అనాటమీ, వార్డులో రోగి లేకుండా ఈ చదువు లేదు.

అసలు దారి బీపీటీ. ఇన్నాళ్లూ నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌గా ఉండేది. 2025లో కమిషన్ విడుదల చేసిన కొత్త పాఠ్యప్రణాళికలో ఐదేళ్లయింది, అందులో ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ప్రవేశానికి నీట్ పెట్టారు. మీరు చేరదలచుకున్న రాష్ట్రం ఆ ఏడు ఏ పద్ధతిలో సీట్లు ఇస్తోందో ఆ ఏటి కౌన్సెలింగ్ ప్రకటనలోనే చూడాలి, పాత వీడియోలు నమ్మొద్దు. నీట్‌కి 17 నిండితే చాలు, పై వయసు పరిమితి లేదు. విడిగా పరీక్ష పెట్టుకునే సంస్థలకు మాత్రం, కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ లాంటి వాటికి, ప్రకటన తెరవగానే వయసు గురించిన పేరా ముందు చదవండి. అక్కడ కుదరకపోతే ఆ దరఖాస్తు రుసుము వృథా.

బయాలజీకి మళ్లీ రెండేళ్ల ఇంటర్ చదవక్కర్లేదు. ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ)లో సీనియర్ సెకండరీ స్థాయిలో ‘పార్ట్ అడ్మిషన్’ అని ఉంది, ఒక్క సబ్జెక్టుకే చేరొచ్చు. బయాలజీ కోడ్ 314. థియరీ 80, ప్రాక్టికల్ 20 మార్కులు. పరీక్షలు ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఒకసారి. ఇంటర్ పాసయ్యాక అదనపు సబ్జెక్టుగా బయాలజీ రాసినవాళ్లు కూడా నీట్‌కి అర్హులేనని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో స్పష్టంగా ప్రకటించింది. ఆ నోటీసు ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి, కౌంటర్లో కూర్చున్నవాళ్లందరికీ అది తెలిసి ఉండదు.

ఎక్కువమంది దెబ్బతినేది ప్రాక్టికల్ దగ్గర. పుస్తకం చదివి థియరీ రాసేస్తారు, స్టడీ సెంటర్లో ల్యాబ్ తేదీలు ఎప్పుడో ఫోన్ చేసి కనుక్కోరు, ఆ 20 మార్కులు పోయి సబ్జెక్టే పాసవదు. రెండో పొరపాటు మార్కుల లెక్క. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి జనరల్ వాళ్లకి 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకి 40 శాతం రావాలి. మీ 2009 మెమోలో ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎంతున్నాయో ఈ రాత్రే చూడండి. అవి మరీ తక్కువుంటే బయాలజీతో పాటు వాటినీ (312, 313) ఎన్‌ఐఓఎస్‌లో మళ్లీ రాయడమే మంచిది. పార్ట్ అడ్మిషన్‌కి పాస్ సర్టిఫికెట్ ఇవ్వరు, మార్కుల మెమో మాత్రమే ఇస్తారు. అందుకే పాత ఇంటర్ మెమో, కొత్త మెమో ఎప్పుడూ జంటగా చూపించాలి.

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటలు. అందులో సగం, అంటే 360 మార్కులు బయాలజీవే. ఎంపీసీ చదివినవాళ్లు అలవాటు కొద్దీ ఫిజిక్స్ లెక్కల మీద పడి నెలలు గడిపేస్తారు. మీ సమయంలో పెద్ద వాటా బయాలజీకే పోవాలి. తప్పుకి ఒక మార్కు కోత ఉంటుంది, తెలియనిది వదిలెయ్యడం కూడా సాధన చెయ్యాలి.

ఇంకొకటి, సరిహద్దులో ఉన్నవాళ్లకి చాలా ముఖ్యం. తెలుగులో ప్రశ్నపత్రం కావాలంటే పరీక్ష కేంద్రం ఆంధ్రాలో గానీ తెలంగాణలో గానీ పెట్టుకోవాలి. ఒడిశా కేంద్రం పెట్టుకుంటే ఇంగ్లిషు, హిందీ, ఉర్దూ, ఒడియా మాత్రమే. దరఖాస్తు గడువు, సవరణల గడువు ముగిశాక భాష మార్చరు. తెలుగు బుక్‌లెట్లో పక్కనే ఇంగ్లిషు కూడా ఉంటుంది, కాబట్టి ఆంధ్రా కేంద్రం పెట్టుకుంటే రెండూ మీ ముందుంటాయి.

గుణుపురం గుమ్మం

సీటు ఏ రాష్ట్రంలో అన్నదానికి సమాధానం మీ ఇల్లు ఎక్కడుందో చూసి కాదు, మీ బడి ఎక్కడుందో చూసి చెప్పాలి.

ఆంధ్రాలో స్థానికత 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల మీద నడుస్తుంది. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా, ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలో చదివి ఉంటే మీరు అక్కడ స్థానికులే, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నా సరే. ఇంటర్ ఒక్కటే పాతపట్నంలో చదివి, హైస్కూలు పర్లాకిమిడిలో అయితే లెక్క మారిపోతుంది. అందుకని ముందు ఆరు నుంచి ఇంటర్ దాకా ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్లు తెచ్చుకోండి. పాత బడుల్లో అడ్మిషన్ రిజిస్టర్ వెతికించి సంతకం పెట్టించుకోవడానికే వారాలు పడుతుంది, కౌన్సెలింగ్ ప్రకటన వచ్చాక మొదలుపెడితే అందదు. మీ విషయంలో ఒక మెలిక ఉంది: బయాలజీ ఎన్‌ఐఓఎస్‌లో రాస్తున్నారు కాబట్టి, అర్హత పరీక్ష ఏ ఏడాదిగా తీసుకుంటారని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్లో చెప్పిన మాట సర్టిఫికెట్ల పరిశీలన రోజున అక్కరకు రాదు.

ఒడిశా వైపు ప్రయత్నిస్తే తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం తప్పనిసరి. ఆధార్ మీద పర్లాకిమిడి అడ్రసు ఉంటే సరిపోతుందనుకోవద్దు.

కులం సర్టిఫికెట్ దగ్గర మనవాళ్లు చాలామంది నష్టపోతున్నారు. ఒక రాష్ట్రం ఇచ్చిన రిజర్వేషన్ పత్రం ఇంకో రాష్ట్ర కోటాకి చెల్లదు. ఆంధ్రాలో బీసీగా ఉన్న కులం ఒడిశా జాబితాలో ఉండకపోవచ్చు, ఉన్నా వేరే పేరుతో ఉండొచ్చు. నీట్ దరఖాస్తులో ఓబీసీ అని పెట్టే ముందు కేంద్ర జాబితాలో మీ రాష్ట్రం కింద మీ కులం పేరు అక్షరాలా ఉందో లేదో చూసుకోండి. ఇక్కడ తప్పు జరిగితే ర్యాంకు వచ్చినా సీటు నిలవదు.

2009 నుంచి ఇప్పటిదాకా ఏం చేశారని అడుగుతారు. బీకాం పత్రాలు, ఉద్యోగం సర్టిఫికెట్, మిగతా కాలానికి నోటరీ చేయించిన గ్యాప్ అఫిడవిట్ సిద్ధంగా పెట్టుకోండి.

సిరొంచ రేవు

పైవాళ్లు చెప్పినదానికి మహారాష్ట్ర వైపు మాట ఒకటి. గడ్చిరోలి, చంద్రపూర్, నాందేడ్ జిల్లాల్లోని తెలుగువాళ్లు కూడా ఇది చదువుతారు కదా. ఇక్కడ డిగ్రీని బీపీటీహెచ్ అంటారు, నాసిక్‌లోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కింద ఉంటుంది, ప్రవేశాలు ముందునుంచీ నీట్ మార్కులతోనే. రాష్ట్ర కోటాకి డొమిసైల్ పత్రంతో పాటు పది, పన్నెండు తరగతులు మహారాష్ట్రలోనే పాసై ఉండాలని అడుగుతారు. ప్రాణహిత దాటి మంచిర్యాల వైపో, గోదావరి దాటి కాళేశ్వరం వైపో చదివొచ్చినవాళ్లు ఈ షరతు దగ్గరే ఆగిపోతున్నారు. వాళ్లు తెలంగాణ స్థానికత ఉందేమో ముందు చూసుకోవాలి.

తనయ తీరం

చాలా స్పష్టంగా చెప్పారండీ, అందరికీ కృతజ్ఞతలు. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా పాతపట్నంలోనే. ఫిజిక్స్, కెమిస్ట్రీ మార్కులకీ ఇబ్బంది లేదు. ఇక చదువు సంగతి, క్లినిక్ సంగతి, డబ్బు సంగతి ఎవరైనా చెప్తారా? ఒడియా మాట్లాడగలను, చదవడం అంతంతమాత్రం.

జయపురం గోనియోమీటర్

చదువు సంగతి నేను చెప్తాను తమ్ముడూ.

మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. మానేసేవాళ్లలో చాలామంది ఇక్కడే మానేస్తారు. కారణం తెలివి తక్కువై కాదు, చదివే పద్ధతి తప్పు. ప్రతి కండరానికీ నాలుగు సంగతులు కావాలి: ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ అతుక్కుంటుంది, ఏ నరం దానికి వెళ్తుంది, ఏ కదలిక చేస్తుంది. దీన్ని పేజీలు చూసి బట్టీ పడితే పరీక్ష దాటగానే పోతుంది. మీ చెయ్యి మీదే, మీ కాలి మీదే ఎముక గుర్తులు వేలితో తడిమి, కండరం దారి గీసి, ఆ కదలిక చేసి చూస్తూ చదవండి. మెడ నుంచి చేతిలోకి దిగే నరాల అల్లిక, బ్రాకియల్ ప్లెక్సస్, ఖాళీ కాగితం మీద చూడకుండా గియ్యగలిగేదాకా రోజూ గియ్యండి. మూడో ఏడాదిలో మణికట్టు వాలిపోయిన రోగి ఎదురుగా కూర్చున్నప్పుడు దెబ్బ ఏ నరానికి, ఏ ఎత్తులో తగిలిందో తేల్చేది ఆ బొమ్మే.

క్లాసు, పుస్తకం, వైవా అంతా ఇంగ్లిషులో. తెలుగు మీడియం వాళ్లకి భయం వైవాలోనే. జవాబు తెలిసి కూడా నోరు పెగలదు. దీనికి మందు ఒకటే, చదివింది గట్టిగా పైకి ఇంగ్లిషులో చెప్పడం. ఎన్‌ఐఓఎస్ బయాలజీ కూడా ఇంగ్లిషు మీడియంలోనే తీసుకోండి, ఆ ఏడాది కష్టం మొదటి సంవత్సరంలో కలిసొస్తుంది.

తర్వాత బయోమెకానిక్స్, ఎక్సర్‌సైజ్ థెరపీ, ఎలక్ట్రోథెరపీ వస్తాయి. ఇక్కడ ఎంపీసీ వాళ్లది పైచేయి. లీవర్లు, టార్కు, తరంగదైర్ఘ్యం మీకు తెలిసిన సరుకే. ఒంటి లోపలికి వేడి పంపే షార్ట్ వేవ్ డయాథెర్మీ 27.12 మెగాహెర్ట్జ్ దగ్గర ఎందుకు, దాని తరంగం 11 మీటర్లెలా వచ్చింది అంటే బైపీసీ పిల్లలు తడబడతారు, మీరు లెక్క కట్టి చెప్తారు.

చేతి పనిలో మార్కులు పోయే చోట్లు చెప్తాను. మోకాలి వంపు కొలిచేటప్పుడు గోనియోమీటర్ కేంద్రం తొడ ఎముక బయటి కొసమీద, కదలని చెయ్యి తుంటి పక్క ఎముక వైపు, కదిలే చెయ్యి చీలమండ బయటి ఎముక వైపు ఉండాలి. చాలామంది కేంద్రాన్ని మోకాలి చిప్ప పక్కన పెట్టేస్తారు, పది డిగ్రీల దాకా తేడా వచ్చేస్తుంది. వచ్చే వారం మళ్లీ కొలిచి రోగికి మెరుగైందని చెప్తారు, నిజానికి మెరుగైంది లేదు, కొలత మారింది. కండర బలం 0 నుంచి 5 వరకు వేస్తారు. 3 అంటే భూమ్యాకర్షణకి ఎదురుగా పూర్తిగా కదలగలగడం. 2ని పరీక్షించాలంటే ఆ బరువు పడకుండా రోగిని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. తిప్పడానికి బద్ధకించి కూర్చోబెట్టే చూసి 1 వేసేస్తే, కోలుకుంటున్న మనిషిని కోలుకోవట్లేదని రాసినట్టవుతుంది.

వయసు 35 దాటాక ఒంటి మీద జాగ్రత్త ఇంకా ముఖ్యం. మంచం మీంచి కుర్చీలోకి రోగిని మార్చేటప్పుడు నడుము వంచి ఎత్తకండి. మోకాళ్లు వంచి, రోగిని మీ ఒంటికి దగ్గరగా తీసుకుని, పాదాలు తిప్పుతూ తిరగాలి. మెలి తిరిగిన నడుముతో ఎత్తేవాళ్లు ఇంటర్న్‌షిప్ పూర్తయ్యేలోపే తామే రోగులవుతారు.

ఉద్యోగం మానేముందు ఏదైనా ఆసుపత్రి ఫిజియోథెరపీ ఓపీలో అనుమతి అడిగి కొన్నాళ్లు పొద్దున్నే కూర్చోండి. బాగైన రోగుల్ని చూడొద్దు, బాగవని రోగి దగ్గర అదే వ్యాయామాన్ని మళ్లీ మళ్లీ ఓపికగా చేయించేవాళ్లని చూడండి. ఈ పనిలో ఎక్కువ భాగం అదే.

బరంపురం పీటీ

జయపురం వారు చెప్పినవి అక్షర సత్యం. క్లినిక్ గురించి నేను చెప్తాను.

మొదట యంత్రాలు కొనొద్దు. ఆరున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న గట్టి బల్ల, గోనియోమీటర్, రిఫ్లెక్స్ హ్యామర్, నిలువు అద్దం, రకరకాల బలాల సాగే బ్యాండ్లు, పది అడుగుల పారలల్ బార్లు. వీటితో సగానికి పైగా పని నడుస్తుంది. గది అద్దెకి తీసుకునేటప్పుడు ద్వారం కనీసం 90 సెంటీమీటర్లు ఉండాలి, లేకపోతే వీల్ చెయిర్ లోపలికి రాదు. ర్యాంపుకి ఒకటికి పన్నెండు వాలు: గుమ్మం ఆరంగుళాల ఎత్తుంటే ర్యాంపు ఆరడుగుల పొడవుండాలి. పాత బజారు కొట్లలో ముందు అంత జాగా ఉండదు, ఆ సంగతి అడ్వాన్సు ఇవ్వకముందే కొలిచి చూసుకోండి.

తర్వాత కొనాల్సింది టెన్స్, ఐఎఫ్‌టీ (రెండూ కరెంటుతో నొప్పి తగ్గించే యంత్రాలు), అల్ట్రాసౌండ్. అల్ట్రాసౌండ్‌లో 1 మెగాహెర్ట్జ్ తరంగం లోతుకి వెళ్తుంది, సుమారు 3 నుంచి 5 సెంటీమీటర్లు. 3 మెగాహెర్ట్జ్ పైపై 1, 2 సెంటీమీటర్లకే. రెండూ ఉన్నది తీసుకోండి. జెల్ లేకుండా గాల్లో ఆన్ చేస్తే యంత్రం తల (ఒంటికి ఆనించే భాగం) పాడవుతుంది, దాన్ని ఒకేచోట ఆపితే రోగికి కాలుతుంది. చెయ్యి ముంచే కరిగిన మైనం తొట్టి, అంటే వ్యాక్స్ బాత్‌లో పారాఫిన్ ఆరేడు వంతులకి మినరల్ ఆయిల్ ఒక వంతు, వేడి 52 నుంచి 54 డిగ్రీలు. నూనె తగ్గిస్తే మైనం కరిగే వేడి పెరిగి చెయ్యి కాలుతుంది. ప్లేట్లు, స్క్రూలు వేయించుకున్న చోట, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి షార్ట్ వేవ్ పెట్టకూడదు.

షుగర్ ఉన్నవాళ్ల పాదాలకి వేడి పెట్టే ముందు తప్పకుండా స్పర్శ పరీక్ష చెయ్యాలి. ఒక గాజు గొట్టంలో వేడినీళ్లు, ఒకదాన్లో చల్లనీళ్లు పోసి, కళ్లు మూయించి, మార్చి మార్చి తాకించి ఏది వేడి అని అడగాలి. తప్పు చెప్తే ఆ పాదానికి వేడి లేదు. ‘బాగానే ఉంది బాబూ’ అంటారు, మర్నాడు బొబ్బతో వస్తారు, ఆ బొబ్బ పుండై కాలు తీసేదాకా పోవచ్చు.

మీరు మొదట చెప్పిన పక్షవాతం రోగుల గురించి ఒక మాట. గోడకి పుల్లీ కట్టి పడిపోయిన చేతిని మంచి చేత్తో పైకి లాగించడం చాలాచోట్ల కనిపిస్తుంది. అది ఆ భుజానికి హాని. కండరాలు సడలి ఉన్న భుజం కీలు ఆ లాగుడుకి నలిగి నొప్పి మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు చంకల్లో చేతులు పెట్టి, చెయ్యి పట్టుకుని మంచం మీంచి లేపడం కూడా అంతే. సవర పల్లెల నుంచి వచ్చేవాళ్లు వారానికి మూడుసార్లు రాలేరు. ఒక్కసారి వచ్చినప్పుడే వెంట వచ్చిన మనిషికి రెండు పనులు నేర్పి, ఆ మనిషి చేతే చేయించి చూసి పంపాలి: చేతికి దన్ను పెట్టి పడుకోబెట్టడం ఎలా, భుజం లాగకుండా లేపడం ఎలా. పది వ్యాయామాలు కాగితం మీద రాసిస్తే ఒక్కటీ చెయ్యరు. కొన్ని సవర మాటలు నేర్చుకోండి, ‘నొప్పా?’, ‘ఇక్కడా?’ అని వాళ్ల భాషలో అడిగితే దాచకుండా చెప్తారు.

డిగ్రీ చేతికొచ్చాక రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకున్నాకే బోర్డు పెట్టాలి. ఆంధ్రాలో చదివి ఒడిశాలో పని చెయ్యాలంటే నమోదు ఎక్కడ అన్నది చివరి ఏడాదిలోనే కనుక్కోండి.

గుణుపురం గుమ్మం

ఒడియా విషయం తేలిగ్గా తీసుకోకండి. ప్రైవేటు క్లినిక్‌కి మాట్లాడితే చాలు. ఒడిశాలో జిల్లా, రాష్ట్ర స్థాయి ఉద్యోగ ప్రకటనల్లో మాత్రం మధ్య పాఠశాల స్థాయిలో ఒడియా పాసై ఉండాలన్న షరతు మామూలే. తెలుగు మీడియం వాళ్లు ఆ స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాసి పాసవ్వాలి. చదువుతున్న ఐదేళ్లలో ఎప్పుడైనా రాసెయ్యొచ్చు. జిల్లా ఆసుపత్రిలో పిల్లల ముందస్తు చికిత్స కేంద్రం, వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం, ఈ రెండింట్లోనూ ఫిజియోథెరపిస్టు పోస్టులుంటాయి, కాంట్రాక్టు పద్ధతిలో.

డబ్బు సంగతి. బ్యాంకుల సంఘం నమూనా విద్యారుణంలో 4 లక్షల దాకా మన వాటా గానీ ఆస్తి హామీ గానీ అడగకూడదు. 7.5 లక్షల దాకా ప్రభుత్వ గ్యారంటీ నిధి కింద హామీ లేకుండా ఇవ్వొచ్చు. 4 లక్షలు దాటితే 5 శాతం మన చేతి డబ్బు. కోర్సు అయ్యాక ఏడాది దాకా కిస్తీ ఉండదు, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా గడువు. కాకపోతే కిస్తీ లేని ఆరేళ్లూ వడ్డీ పడుతూనే ఉంటుంది. నెలనెలా ఆ వడ్డీ ఒక్కటైనా కట్టుకుంటూ పోతే చివర్లో అసలు పెరగదు. మీ వయసు చూసి బ్యాంకువాళ్లు సహరుణగ్రహీత గురించి గట్టిగా అడుగుతారు, ఇంట్లో జీతం వచ్చేవాళ్లు ఎవరో ముందే అనుకోండి. ఫీజు ఎంతని కాలేజీని అడిగినప్పుడు హాస్టల్, పరీక్ష ఫీజు, విశ్వవిద్యాలయ రుసుము, యూనిఫాం కలిపి ఐదేళ్ల మొత్తం కాగితం మీద ఇమ్మనండి. ఇంటర్న్‌షిప్ ఏడాదికి ఫీజు ఉందా, స్టైపెండ్ ఇస్తారా అన్నది కూడా అందులోనే రాయించండి.

కాలం లెక్క దాచకుండా చెప్తాను. బయాలజీ, నీట్ కలిపి ఏడాదిన్నర, చదువు ఐదేళ్లు. బయటికి వచ్చేసరికి 41. బయాలజీ, నీట్ చదువు ఉద్యోగం చేస్తూనే సాగించొచ్చు, కాలేజీలో చేరాక కుదరదు. అందుకే సీటు చేతికొచ్చేదాకా రాజీనామా మాట ఎత్తకండి. ఈ ఏడాదిన్నరలో వచ్చే జీతంలోంచి మొదటి ఏడాది ఫీజు, ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోండి.

తనయ తీరం

పాతపట్నం హైస్కూల్లో రేపే స్టడీ సర్టిఫికెట్లకి దరఖాస్తు పెడతాను. ఎన్‌ఐఓఎస్‌కి స్టడీ సెంటర్ శ్రీకాకుళం వైపు పెట్టుకోవడం మేలా, బరంపురం వైపా?

బరంపురం పీటీ

బయాలజీ ల్యాబ్ నిజంగా ఉన్న సెంటర్ ఏదో, అది పెట్టుకోండి. జాబితాలో పేరున్నా కొన్ని సెంటర్లు కామర్సు, ఆర్ట్స్ సబ్జెక్టులే నడుపుతాయి. ఎంచుకునే ముందు ఒకసారి వెళ్లి, 314కి ప్రాక్టికల్ క్లాసులు ఏ నెలలో పెడతారని అడగండి. తేదీ చెప్పలేకపోతే ఇంకో సెంటర్ చూసుకోండి.